చెప్పని మాటను చదవడం
(ప్లాటినం జయంతి విద్యాసదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలు తమిళనాట తెలుగు అక్షరాన్ని నిలుపుకొని రావడం సామాన్యమైన విషయం కాదు. విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాతను దక్షిణానికి తరలివచ్చిన కుటుంబాలు తమ వెంట తెచ్చుకొన్న భాషను తరాలు గడచినా ఇంట మాట్లాడుతూనే ఉన్నాయి. ఇంటి మాటకు బడి వ్రాత తోడైనది. ఉత్సవ సమయంలో సాధించినదానిని తలచుకోవడం ఎంత ఉచితమో, సాధించవలసినదానిని తలచుకోవడమూ అంత అవసరం. అట్టి అవసరాలలో ఒకటి ఈనాటి ప్రసంగ విషయం. పిల్లలు పాఠం చదివేటప్పుడు, అందులో అక్షరాలుగా లేని అర్థాన్ని తామే గ్రహించేటట్లు చేయడం ఎట్లా?

ఏ తరగతిలోనైనా కనిపించే సంగతి ఒకటి ఉన్నది. పిల్లవాడు పాఠాన్ని తడబాటు లేకుండా చదువుతాడు. ఒత్తులు, దీర్ఘాలు సరిగా పలుకుతాడు. “రాజు ఎక్కడికి వెళ్ళాడు?” అని అడిగితే “అడవికి” అని వెంటనే చెబుతాడు. “వెళ్ళేటప్పుడు రాజు మనస్సు ఎట్లా ఉన్నది?” అని అడిగితే మాత్రం పుస్తకంలో వెదుకుతాడు, అక్కడ ఆ వాక్యం కనిపించక ఉపాధ్యాయుని ముఖం వంక చూస్తాడు. మొదటి ప్రశ్నకు జవాబు కంటికి కనిపించే అక్షరాలలో ఉన్నది. రెండవదానికి జవాబు అక్షరాలను ఆధారంగా చేసుకొని చదువరి మనస్సులో కట్టుకోవలసినది. మొదటిది వచ్చి రెండవది రాని పిల్లవానికి చదవడం సగమే వచ్చినట్లు.

రచయిత ఎవరైనా తాను చెప్పదలచినదంతా చెప్పడు. చెబితే కథ సాగదు. కొంత చెప్పి, మిగిలినది చదువరి పూరించుకొంటాడన్న నమ్మకంతో ముందుకు పోతాడు. రెండు చిన్న వాక్యాలు చూడండి. “వంటింట్లో గిన్నె దొర్లింది. గోడ దూకి పారిపోయింది.” దొర్లినది గిన్నె, గోడ దూకినది గిన్నె కాదు. పిల్లి అన్న మాట ఆ రెండు వాక్యాలలో ఎక్కడా లేదు. అయినా చదివినవారందరికీ పిల్లి కనిపిస్తుంది. గిన్నెకు గోడ దూకే శక్తి లేదని, వంటింట్లో దూరి గిన్నెలు దొర్లించే అలవాటు పిల్లికి ఉన్నదని చదువరికి ముందే తెలుసు. పాఠంలోని జాడ ఒకటి, చదువరి ఎరుక ఒకటి. ఈ రెండూ కలిసినచోట చెప్పని మాట పుడుతుంది.

దీనిని ప్రాచీనులు ‘అనుమానం’ అన్నారు. వాడుకలో ఆ మాటకు సందేహమన్న అర్థం స్థిరపడినది గాని, శాస్త్రంలో అనుమానం అంటే తెలిసిన గుర్తును బట్టి తెలియనిదానిని నిశ్చయించుకోవడం. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ సంస్కృత పాఠశాలలలో తర్కానికి బాలశిక్ష వంటిది. కొండ మీద పొగ కనిపించినది కనుక అక్కడ నిప్పు ఉన్నదన్న ప్రసిద్ధమైన ఉదాహరణతో ఆ గ్రంథం అనుమానాన్ని వివరిస్తుంది. పొగ కనిపించడం ఒక్కటే చాలదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియమం వంటింటిలో చూచి తెలిసి ఉండాలి. ఆ నియమానికి వ్యాప్తి అని పేరు. వ్యాప్తి తెలియనివాడికి పొగ కనిపించినా నిప్పు తోచదు. పాఠం ఎన్నిసార్లు చదివినా అర్థం తోచని పిల్లవానిలో లోపించినది తెలివి కాకపోవచ్చు, ఈ ఎరుక కావచ్చు.

తర్కశాస్త్రం మరొక భేదాన్ని కూడా చెప్పినది. తన కోసం తాను ఊహించుకోవడం స్వార్థానుమానం. ఎదుటివానికి కారణం చూపి ఒప్పించడం పరార్థానుమానం. రెండవదానికి అయిదు మెట్లు ఉన్నాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. చిన్నపిల్లలకు ఆ పేర్లు అక్కరలేదు. అందులోని క్రమం అక్కరకు వస్తుంది. “ఏమనుకొంటున్నావు? ఏ మాట చూచి అట్లా అనుకొన్నావు? అట్లా జరగడం నీవు ఎక్కడ చూచావు?” అన్న మూడు ప్రశ్నలలో ఆ శాస్త్రసారం ఇమిడి ఉన్నది. మీమాంసకులు చెప్పే దేవదత్తుని కథ అయిదవ తరగతి పిల్లలకు సైతం వినోదమే. దేవదత్తుడు పగలు తినడు. అయినా లావుగానే ఉన్నాడు. అయితే ఏమిటి? పిల్లలందరూ ఒక్కసారిగా “రాత్రి తింటున్నాడు” అంటారు. ఆ రెండు వాక్యాలను కలిపినది పిల్లలే. ఆ శక్తి వారిలో ఉన్నదనడానికి అంతకంటె సాక్ష్యం వేరే కావాలా? దానిని పాఠ్యపుస్తకం దగ్గరకు తీసుకొనిరావడమే ఉపాధ్యాయుని పని.

ఊహ తప్పడమూ ఉన్నది. వాన వెలిసిన ఉదయాన పడమటి కనుమల మీద తెల్లగా లేచేది పొగ కాదని, మంచు అని రాజపాళయం పిల్లలకు చెప్పనక్కరలేదు. కొండలు ఎరుగని పొరుగూరి పిల్లవాడు దానిని పొగ అనుకొని నిప్పును ఊహిస్తే, ఆ తప్పు ఆధారాన్ని గుర్తించడంలో జరిగినది. ఇటువంటి పొరపాటు ఎట్లా పుడుతుందో చూపే అందమైన చిత్రం తెలుగు సాహిత్యంలోనే ఉన్నది. అదీ ఈ ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరును వర్ణించే సందర్భంలో ఉండడం ఇక్కడి పిల్లల అదృష్టం.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో గోదాదేవి కథ చెప్పబోతూ, మొదట విల్లిపుత్తూరు శోభను వర్ణిస్తాడు. అందులో ఒక పద్యభావం ఇది. వేకువ వేళ వరిమళ్ళ కాలువల ఒడ్డున బాతులు రెక్కలలో తలలు దూర్చుకొని నిద్రపోతున్నవి. కావలివారు వాటిని చూచారు. తెల్లవారకముందే స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు, పిండి ఉండచుట్టిన బట్టలను మరచిపోయారనుకొన్నారు. వాటిని వారి ఇండ్లకు చేర్చుదామని రేవులోకి దిగారు. అలికిడికి బాతులు పరుగు లంకించుకొన్నాయి. అది చూచి వరిచేలు కాచే పడతులు నవ్వారు.

ఈ చిత్రాన్ని పిల్లల ముందు ఉంచి ఎన్ని సంగతులు రాబట్టవచ్చునో ఆలోచించండి. కావలివారు తెలివితక్కువవారా? కారు. వారి ఊహకు ఆధారాలు ఉన్నాయి. తెల్లని రంగు, ఉండ ఆకారం, నీటి ఒడ్డు, వేకువ సమయం ఆ ఆధారాలు. అక్కడ రోజూ స్నానాలు జరుగుతాయన్న ఎరుక వారికి ఉన్నది. అయినా ఊహ తప్పినది. ఎట్లా తెలిసినది? దగ్గరకు పోయి చూచినందువల్ల. పడతులు ఎందుకు నవ్వారో కవి చెప్పలేదు, చదువరి గ్రహించాలి. ఇంకొంచెం లోతుకు పోతే, పరుల వస్తువు దారిలో కనిపిస్తే యజమానికి చేర్చబోయే కావలివారున్న ఊరు ఎట్టి ఊరు? కాలువలలో నీరు, మళ్ళలో వరి, ఒడ్డున నిర్భయంగా నిద్రించే బాతులు ఏమి చెబుతున్నాయి? ఊరు సుభిక్షంగా ఉన్నదని, అక్కడ దొంగభయం లేదని కవి అనలేదు. అనకుండానే తెలిసినది. అదే ధ్వని.

ఈ కావ్యాన్ని తమిళంలోనికి అనువదించి 1989లో కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకొన్నవారు రాజపాళయానికే చెందిన బహుభాషావేత్త ము. కు. జగన్నాథ రాజా గారు (1933–2008). ఒక భాషలో కవి చెప్పక విడిచినదానిని గ్రహించి, మరొక భాషలో చెడకుండా విడిచిపెట్టగలగడమే అనువాదకుని విద్య. ఆ విద్యకు బీజం చిన్ననాటి పఠనంలోనే పడాలి.

ఆ పద్యంలో ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక కూడా ఉన్నది. పిల్లవాడు తప్పుగా ఊహించినప్పుడు వరిచేల పడతులవలె తరగతి నవ్వరాదు. ఆధారం లేని మాటకూ, ఆధారం ఉండి తప్పిన మాటకూ భేదం ఉన్నది. రెండవది సగం దారి వచ్చినది. “దగ్గరకు పోయి మళ్ళీ చూడు, తరువాతి వాక్యం ఏమంటున్నది?” అని తిరిగి పాఠంలోకి పంపితే మిగిలిన సగం పూర్తి అవుతుంది. నవ్వు వినబడిన తరగతిలో రెండవసారి చేయి ఎత్తే పిల్లవాడు ఉండడు.

ఈ విషయమై పాశ్చాత్య దేశాలలో జరిగిన పరిశోధనలు ఇదే మార్గాన్ని చూపుతున్నాయి. ఇంగ్లండులో నికోలా యూయిల్, జేన్ ఓక్‌హిల్ అనే విదుషీమణులు, పదాలను చక్కగా చదువుతూనే అర్థం గ్రహించలేని పిల్లలను శ్రద్ధగా పరిశీలించారు. అట్టి పిల్లలకు మాటల్లోని జాడలు వెదకడం, పాఠం మీద తామే ప్రశ్నలు వేయడం, దాచిన వాక్యాన్ని ఊహించడం నేర్పారు. 1988లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం, పదాలను వేగంగా చదివే అభ్యాసం మాత్రమే పొందిన పిల్లలకంటె వీరి అర్థగ్రహణం ఎక్కువగా మెరుగుపడినది. అనగా ఇది పుట్టుకతో వచ్చి తీరవలసిన వరం కాదు. నేర్పితే వచ్చే విద్య.

ఎరుక సంగతి చూపే పరిశోధన మరొకటి 1979లో మార్గరెట్ స్టెఫెన్‌సెన్, చిత్రా జోగ్‌దేవ్, రిచర్డ్ ఆండర్సన్ ప్రకటించారు. భారతీయులకూ, అమెరికనులకూ రెండు ఉత్తరాలు ఇచ్చి చదివించారు. ఒకటి భారతీయ వివాహాన్ని, మరొకటి అమెరికా వివాహాన్ని గురించినది. ఎవరి సంప్రదాయానికి చెందిన ఉత్తరాన్ని వారు త్వరగా చదివారు, ఎక్కువ గుర్తుంచుకొన్నారు. పరాయి ఉత్తరంలో అర్థాన్ని మార్చుకొన్నారు. అమెరికా వధువు తన అమ్మమ్మ పెండ్లినాటి దుస్తులు ధరించడం అక్కడ గౌరవం, ప్రీతి. ఆ ఆచారం ఎరుగని భారతీయ చదువరికి అది పాతబడిన దుస్తులుగా తోచినది. భాష తెలిసినా ఆచారం తెలియకపోతే ఊహ దారి తప్పుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

రాజపాళయం పిల్లలకు ఈ చిక్కు రోజూ ఎదురయ్యేదే. గోదావరి ఒడ్డు రచయిత కథలో వచ్చే ఆచారాలు, పిండివంటలు, వ్యవసాయపు పనిముట్లు, ఎడ్లబండి సరంజామా వారికి పేర్లుగా కూడా తెలియకపోవచ్చు. ఇంటి తెలుగులో తమిళపు మాటలు కలిసి ఉంటాయి. పుస్తకపు తెలుగు మరొక తీరున ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) బడి భాష ప్రజల నోటి భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడినది ఇటువంటి ఎడాన్ని చూచియే. కనుక పాఠం తెరువకముందు అయిదు నిమిషాలు ఆ ఎరుకను సిద్ధం చేయడం ఇక్కడ విలాసం కాదు, అవసరం. ఒక బొమ్మ చూపవచ్చును. “ఇంట దీనిని ఏమంటారు?” అని అడుగవచ్చును. ఇంటి మాటను తప్పని దిద్దక, పుస్తకపు మాట ప్రక్కన నిలిపితే పిల్లవానికి వంతెన ఏర్పడుతుంది.

తెలుగు భాష ఈ విద్యకు ఎంత అనువైనదో గమనించవలసి ఉన్నది. “రంగడు వచ్చాడు” అంటే ఒక వార్త. “రంగడూ వచ్చాడు” అంటే అంతకుముందే వేరెవరో వచ్చారు. “రంగడే వచ్చాడు” అంటే ఇతరులు రాలేదు, లేదా రావలసినవాడు స్వయంగా వచ్చాడు. “రంగడా వచ్చాడు?” అంటే ఆశ్చర్యమో, నమ్మకం లేకపోవడమో. “రంగడు వచ్చాడట” అంటే చెప్పేవాడు కంటితో చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. ఒక్క అచ్చులోను, ఒక్క ‘అట’లోను ఇంత కథ దాగి ఉన్నది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నాడట అన్న సామెత మొత్తం ఊహ మీదనే నిలిచినది. భుజం తడుముకోవడం ఎందుకు నేరాన్ని పట్టిచ్చినదో పిల్లలు విడమరచి చెప్పగలిగితే, దొంగ మోసుకొనిపోయిన కాయల బూడిద భుజానికి అంటి ఉంటుందన్న ఎరుక వారికి కలిగినదన్నమాట.

మరొక సంగతి. తమిళంలో ‘వందాళ్’ అంటే ఆమె వచ్చినదని, ‘వందదు’ అంటే అది వచ్చినదని క్రియ చూడగానే తెలుస్తుంది. తెలుగులో ‘వచ్చింది’ అంటే అమ్మ కావచ్చును, ఆవు కావచ్చును, బస్సు కావచ్చును. కర్త లోపించిన వాక్యంలో ఆమెయో, అదియో సందర్భం చూచి తెలుసుకోవాలి. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలకు ఈ రెంటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూపితే, ఒక భాష క్రియలో చెప్పినదానిని మరొక భాష చదువరి బుద్ధికి విడిచిపెట్టినదని వారే కనిపెడతారు. రెండు భాషల నడుమ పెరగడం బరువు కాదు, కలిమి అని అప్పుడు తెలుస్తుంది. ‘మీరు’ అని పిలుస్తున్నవాడు హఠాత్తుగా ‘నువ్వు’ అంటే కోపమో, చనువో ఏర్పడినట్లే. ఒక పాత్ర ‘అత్తయ్యా’ అన్నప్పుడు ఆమె మేనత్తయా, భార్య తల్లియా అన్నది తరువాతి వాక్యాలు తేల్చాలి. ఇవన్నీ ఉచితంగా దొరికే పాఠాలు.

ఇక తరగతి గదిలో దీనిని నడిపే పద్ధతి. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజా గారు రాజపాళయం మిల్లును స్థాపించిన నాటినుండి నూలు మిల్లులు ఈ ఊరి జీవితంలో భాగమైనవి. కనుక ఇక్కడి పిల్లలకు పరిచితమైన వాతావరణంలో అల్లిన ఒక చిన్న గద్యభాగాన్ని నమూనాగా తీసుకోవచ్చును.

“మిల్లు కూత వినిపించింది. అవ్వ రెండు కంచాలు కడిగి పెట్టింది. వీధిలో సైకిలు గంట మోగగానే చిన్నది పలక వదిలి పరుగెత్తింది. కొంతసేపటికి తల వంచుకొని తిరిగి వచ్చింది. ‘ఈ పూటా ఆగమన్నారేమోలే’ అన్నది అవ్వ. ఒక కంచంలో వడ్డించి, రెండవదాని మీద మూత పెట్టింది.”

మొదట జవాబు వాక్యంలోనే ఉన్న ప్రశ్న అడగాలి: అవ్వ ఎన్ని కంచాలు కడిగినది? తరువాత రెండు వాక్యాలను కలిపితే వచ్చే ప్రశ్న: చిన్నది ఎందుకు పరుగెత్తినది, ఎందుకు తల వంచుకొన్నది? పిమ్మట పాఠానికి తన ఎరుకను జోడిస్తే వచ్చే ప్రశ్న: “ఆగమన్నది” ఎవరు? ఎక్కడ? అమెరికాలో టాఫీ రాఫెల్ అనే ఆచార్యురాలు 1980ల ప్రాంతంలో ప్రశ్నలను ఈ విధంగా జవాబు దొరికే చోటును బట్టి వర్గీకరించి, ఆ వర్గాలను పిల్లలకే నేర్పవచ్చునని చూపారు. “ఈ జవాబు పుస్తకంలో వేలు పెట్టి చూపగలవా, రెండు చోట్ల వేళ్ళు పెట్టాలా, ఒక వేలు పుస్తకం మీద, ఒక చేయి గుండె మీద పెట్టాలా?” అని అడిగితే చిన్న తరగతులవారికి కూడా భేదం తెలుస్తుంది.

ఆ తరువాత సూక్ష్మమైన జాడలు. ‘ఈ పూటా’ అన్న దీర్ఘం చూడండి. ఇటువంటిది ఇంతకుముందు కూడా జరిగినది. ‘ఏమో’ అన్నందువల్ల అవ్వకు కచ్చితంగా తెలియదు. ‘లే’ అన్నందువల్ల ఆమె పిల్లను ఊరడిస్తున్నది. మూత పెట్టిన కంచం ఆమె ఆశను చెబుతున్నది. ఇన్ని తెలిసిన తరువాత చివరి ప్రశ్న వేయాలి: రానిది నాన్నా, అమ్మా? చాలామంది నాన్న అంటారు. మిల్లు పనికి వెళ్ళే అమ్మ ఉన్న ఇంటి పిల్ల అమ్మ అంటుంది. ఇద్దరూ ఆధారం వెదకాలి. పాఠంలో ఆ సంగతి తేల్చే మాట లేదు. అప్పుడు ఉపాధ్యాయుడు తానుగా తీర్పు చెప్పక, “రచయిత దీనిని తెరచి ఉంచాడు” అనగలగాలి. పాఠం మూసిన చోట ఒకే జవాబు. తెరచిన చోట పలు జవాబులు. ఈ వివేకం లేకపోతే ఊహ గాలిమేడ అవుతుంది.

దీనికి తోడు మరికొన్ని అభ్యాసాలు ఉన్నాయి. చివరి వాక్యాన్ని కాగితంతో కప్పి, ఏమి ఉండవచ్చునో చెప్పించి, తరువాత తెరచి సరిచూడవచ్చును. ఉపాధ్యాయుడు స్వయంగా చదువుతూ మధ్యలో ఆగి, తన మనస్సులో కలిగిన ఊహను, దానికి కారణాన్ని పైకి చెప్పవచ్చును. తప్పితే దిద్దుకోవడమూ పిల్లల ఎదుటనే జరగాలి. పిల్లలచేతనే ప్రశ్నలు వేయించవచ్చును; జవాబు చెప్పేవాడికంటె ప్రశ్న వేసేవాడు పాఠాన్ని ఎక్కువ నిశితంగా చూస్తాడు. ప్రశ్న అడిగిన తరువాత ఆగడం అన్నిటికంటె సులభమైన పని, అన్నిటికంటె కష్టమైనదీ అదే. అమెరికాలో మేరీ బడ్ రో అనే శాస్త్రబోధనా నిపుణురాలు 1970లలో తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సాధారణంగా ఒక్క క్షణం మాత్రమే ఆగుతున్నారని కనిపెట్టారు. ఆ విరామాన్ని మూడు క్షణాలు చేసినప్పుడు పిల్లల జవాబులు నిడివిలోను, ఆలోచనలోను పెరిగాయి. మూడు క్షణాల మౌనానికి ఖర్చు లేదు.

ఇక్కడ ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పుకోవలసి ఉన్నది. ప్రతిపదార్థం, తాత్పర్యం తెలుగు బోధనకు ప్రాణాలు. అయితే తాత్పర్యాన్ని ముందుగానే పలకమీద వ్రాసి కాపీ చేయించే తరగతిలో పిల్లవానికి ఊహించడానికి ఏమీ మిగలదు. గైడు పుస్తకం ఆ మిగిలిన కాస్తనూ మ్రింగివేస్తుంది. అన్నం కలిపి ముద్దలు చేసి నోట పెట్టడం పసివానికి ప్రేమ. పదేండ్లవానికి అది అపకారం. తాత్పర్యం చివర రావాలి. అదీ పిల్లల మాటలలో మొదట వచ్చి, ఉపాధ్యాయుని దిద్దుబాటుతో స్థిరపడాలి. పరీక్షలోనూ పాఠంలో వాక్యంగా లేని జవాబును కోరే ప్రశ్న కనీసం ఒకటి ఉండాలి. మార్కులు జవాబుకు సగం, చూపిన ఆధారానికి సగం ఇవ్వాలి. పరీక్ష అడగనిదానిని తరగతి నేర్పదన్నది అందరెరిగిన సత్యం.

తల్లిదండ్రులు, ముఖ్యంగా ఇంటి పెద్దలు, ఈ పనిలో ఉపాధ్యాయులతో సమానులు. అవ్వలు, తాతలు చెప్పే పొడుపు కథలు అనుమాన విద్యకు తొలి పాఠాలు. గుడ్డును తలుపులు లేని తెల్లని మేడగా చెప్పి “విప్పు” అన్నప్పుడు, పిల్లవాడు జాడలను ఏరి, పొసగనివాటిని తోసివేసి, ఒక నిర్ణయానికి వస్తాడు. చదువు రాని అవ్వ సైతం ఈ పాఠం చెప్పగలదు. కథ చెబుతూ మధ్యలో ఆగి, “ఇప్పుడేం చేసి ఉంటాడు? ఎందుకట?” అని అడగడమే కావలసినది. టెలివిజను, సెల్‌ఫోను ఆ విరామాన్ని ఇవ్వవు. బొమ్మ వెంట బొమ్మ వచ్చి, ఊహించేలోగా అన్నీ చూపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చును. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చినది. మొదటి తరగతి మొదలుకొని తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉండే రాష్ట్రపు భాష నేర్వడం ఇక్కడి తెలుగువారికి కొత్తా కాదు, కష్టమూ కాదు. ఆంగ్లం బ్రతుకుతెరువుకు కావాలి. మూడు లిపుల నడుమ తెలుగుకు దొరికేది కొద్దిపాటి గంటలే. ఆ గంటలు గొంతెత్తి చదవడానికి, తాత్పర్యం ఎక్కించడానికి చెల్లిపోతే, పిల్లవానికి తెలుగు శబ్దంగా మిగులుతుంది; ఆలోచన వేరొక భాషలోకి వలస పోతుంది. అప్పుడు తెలుగు పెండ్లి శుభలేఖకు, పూజగదికి పరిమితమవుతుంది. ఆ గంటలలోనే పిల్లవాడు ఒక వాక్యం ముందు ఆగి “ఎందుకు?” అని తెలుగులో ప్రశ్నించుకొని, తెలుగులో ఆధారం చూపి, తెలుగులో వాదించి తన ఊహను దిద్దుకొంటే, ఆ భాష అతని బుద్ధికి పనిముట్టు అవుతుంది. ఒక భాషలో అబ్బిన ఈ నేర్పు తమిళ పాఠంలోను, ఆంగ్ల పాఠంలోను తోడు వస్తుంది.

రేపటి పౌరుడు పత్రిక చదువుతాడు, ప్రకటన చదువుతాడు, ఒప్పందపు కాగితం చదువుతాడు, ఎన్నికల వాగ్దానం చదువుతాడు. వాటన్నిటిలో చెప్పినదానికంటె చెప్పనిది ముఖ్యం. ‘షరతులు వర్తిస్తాయి’ అన్న చిన్న అక్షరాలు చదివి ఏ షరతులో అడగగలిగినవాడు మోసపోడు. సెల్‌ఫోనులో ఎవరో పంపిన వార్త చివర ‘అట’ ఉన్నదో లేదో చూచుకొనేవాడు పుకారును మోయడు. ఈ విద్య కావ్యరసికతకు ఎంత అవసరమో, ఇంటి గౌరవానికి, ఊరి క్షేమానికి అంత అవసరం.

ఈ పాఠశాల ఉపాధ్యాయులు ఈ సంవత్సరం ఒక సంకల్పం చేసుకొంటే ప్లాటినం జయంతికి అంతకంటె శాశ్వతమైన చిహ్నం ఉండదు. వారానికి ఒక్క పీరియడు, ఒక్క పుట గద్యం, మూడే ప్రశ్నలు, ప్రతి జవాబుకూ “ఏ మాట చూచి?” అన్న ఎదురు ప్రశ్న, ప్రతి ప్రశ్న తరువాత మూడు క్షణాల మౌనం. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త పుస్తకం అక్కరలేదు. పిల్లలు చెప్పబోయేదానిని వినే ఓపిక ఉంటే చాలును.

 పాఠశాలకు శతవసంతాల శుభాకాంక్షలు.